రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వచ్చే మనిషి ఆరు నెలల్లో హాఫ్ మారథాన్ పరుగెత్తగలడా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. వయసు 38, బరువు 84 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. పదేళ్లుగా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. వ్యాయామం లేదు. లిఫ్టు పాడైన రోజు రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఆఫీసు మిత్రులు ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు తమతోపాటు మీ పేరు కూడా నమోదు చేశారు. ఇప్పుడు మార్చి రెండో వారం కనుక చేతిలో 24 వారాలు ఉన్నాయి. ఇది అయ్యే పనేనా, మోకాళ్లు అరిగిపోతాయని అమ్మ భయపడుతున్నారు, అది నిజమేనా, ముందు బరువు తగ్గాలా, మధ్యలో నడిస్తే నామోషీయా, ఎక్కడ పరుగెత్తాలి అని అడిగారు.

అయ్యే పనే. నేను 39వ ఏట ఇంచుమించు మీ స్థితిలోనే మొదలుపెట్టాను. పదిహేనేళ్లుగా పరుగెత్తుతున్నాను. గత ఎనిమిదేళ్లుగా ఆదివారం ఉదయాల్లో కొత్తవాళ్లతో కలిసి పరుగెత్తుతూ, వాళ్లు మొదటి హాఫ్ పూర్తిచేసేదాకా వెంట ఉంటున్నాను. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులున్నారు, బడి పంతుళ్లున్నారు, ఇద్దరు పిల్లల తల్లులున్నారు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లున్నారు. దమ్ము చాలక మానుకున్నవాళ్లు నాకు ఒకరిద్దరికి మించి గుర్తులేరు. తొందరపడి దెబ్బ తగిలించుకుని మానుకున్నవాళ్లు మాత్రం చాలామంది. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ తొందర గురించే రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున చురుగ్గా నడిచే మనిషి ఒక్క అడుగు కూడా పరుగెత్తకుండానే సుమారు మూడున్నర గంటల్లో ఈ దూరం ముగిస్తాడు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల నెమ్మది పరుగు ఒక నిమిషం, గంటకు ఐదున్నర కిలోమీటర్ల నడక ఒక నిమిషం, ఇలా మార్చి మార్చి వెళితే మూడు గంటల ఎనిమిది నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక అయితే మూడు గంటల లోపే అయిపోతుంది. ఈ అంకెలు చూశాక మీ ముందున్నది కొండ అనిపించకూడదు. అది ఒక పొడవైన దారి. కేటాయించిన గరిష్ఠ సమయం ఎంతో నమోదు పత్రంలో చూసుకుని, మీ లెక్క దాని లోపల హాయిగా ఇమిడేలా పెట్టుకోండి. మొదటిసారికి మూడు గంటల పది నిమిషాలు మంచి లక్ష్యం.

ఇక్కడే నామోషీ ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను. పరుగు, నడక కలిపే పద్ధతిని 1972 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే దశాబ్దాల పాటు వేలమందికి నేర్పాడు. అందులో కిటుకు ఏమిటంటే అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవడం. మొదటి కిలోమీటరు నుంచే, ఒంట్లో ఉత్సాహం ఉరకలు వేస్తున్నప్పుడే, గడియారం చూసి నడకలోకి దిగాలి. పిక్కలకు, మోకాళ్లకు మధ్యమధ్య ఊపిరి దొరుకుతుంది. పదిహేనో కిలోమీటరు దగ్గర అందరూ కాళ్లీడుస్తున్నప్పుడు మీరు మొదట్లో ఎంత చురుగ్గా ఉన్నారో అంతే చురుగ్గా ఉంటారు. నా బృందంలో మొదటి హాఫ్ పూర్తిచేసినవాళ్లలో ముప్పాతిక మంది ఇలాగే చేశారు. వాళ్ల మెడలో పడిన పతకం మీద నడిచారని ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు పరుగుకన్నా ముందు చేయవలసిన పని. ఈ వారమే డాక్టరును కలవండి. రక్తపోటు, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు), కొలెస్టరాలు, హిమోగ్లోబిన్, ఒక ఈసీజీ. మీ నాన్నగారికో, అన్నదమ్ములకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, లేదా మీకు మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీలో బిగువుగా అనిపిస్తుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా లేదా అన్నది ఆయన నిర్ణయిస్తారు. మన తెలుగు ఇళ్లలో షుగరు, బీపీ చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటాయి. నా బృందంలో ఒకాయనకు తన బీపీ 160 దాటి ఉందన్న సంగతి ఈ పరీక్షల్లోనే బయటపడింది. ఆయన రెండు నెలలు మందు వాడి, బీపీ అదుపులోకి వచ్చాక, డాక్టరు సరేనన్న తర్వాతే పరుగు మొదలుపెట్టారు. ఆ ఏడాది కాకపోయినా మరుసటి ఏడాది హాఫ్ పూర్తిచేశారు.

ఇక అసలు విషయం.

కొత్తగా పరుగెత్తేవారి శరీరంలో రెండు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి గుండెది, ఊపిరిది. ఇది వేగంగా నడుస్తుంది. క్రమం తప్పకుండా కదలడం మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, పెరుగుతుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది. ఆ తర్వాత కండరాల్లో సన్నని రక్తనాళాలు, శక్తిని పుట్టించే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఆరు వారాలు తిరిగేసరికి మీరు మెట్లు ఎక్కుతూ ఫోనులో మాట్లాడగలుగుతారు. ఎంత ఆనందంగా ఉంటుందో చెప్పలేను.

రెండో గడియారం ఎముకలది, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లది. ఇది చాలా నెమ్మది. టెండన్లకు రక్తప్రసరణ తక్కువ, అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎముక సంగతి మరీ విచిత్రం. కొత్త ఒత్తిడి పడినచోట అది ముందు పాత పదార్థాన్ని తవ్వి తీసేసి, ఆ తర్వాత కొత్తది నింపుకుంటుంది. పాత ఇంటి గోడను కొంత పడగొట్టి మళ్లీ కట్టినట్టు. ఈ చక్రం పూర్తికావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, మధ్యలో కొన్ని వారాలు అక్కడ ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మీ ఊపిరి మీతో ‘ఇంకా పరుగెత్తు, ఇంకా పరుగెత్తు’ అంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడింతల భారం ఒక కాలి మీద పడుతుంది. మీ విషయంలో అది సుమారు 170 నుంచి 250 కిలోలు, నిమిషానికి నూటయాభై అడుగుల చొప్పున.

నాకు జరిగింది చెబుతాను. నా మొదటి ఏడాది, తొమ్మిదో వారం. ఆదివారం తొమ్మిది కిలోమీటర్లు పరుగెత్తాలన్నది ప్రణాళిక. తెల్లవారుజామున చినుకులు పడి గాలి చల్లగా ఉంది, ఒళ్లు తేలికగా ఉంది, తొమ్మిది అయ్యాక ఆగాలనిపించలేదు. పదిహేను దాకా వెళ్లాను. మూడు రోజుల తర్వాత బుధవారం, అదే ఊపులో వేగంగా ఐదు. పది రోజులకు ఎడమ కాలి ముంగాలి ఎముక లోపలి అంచున రూపాయి బిళ్లంత చోట నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ప్రాణం పోయేది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. నేను ధైర్యం తెచ్చుకుని మరో వారం పరుగెత్తాను. ఎమ్మారైలో ఎముక మీద ఒత్తిడి గాయం కనబడింది. ఎనిమిది వారాలు పరుగు బంద్. పోటీ రోజున దారి పక్కన నిలబడి, ఐదు నెలలుగా నాతో కలిసి పరుగెత్తినవాళ్లకు నీళ్ల గ్లాసులు అందించాను. ఆ ఉదయం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఎనిమిదో వారం నుంచి పన్నెండో వారం దాకా నా కొత్తవాళ్లను కళ్లలో వత్తులు వేసుకుని కనిపెడతాను. మొదటి వారం ఎవరికీ ఏమీ కాదు. బాగుంది అనిపించడం మొదలైన తర్వాతే గాయాలు అవుతాయి.

కాబట్టి మీ 24 వారాలు ఇలా సాగాలి.

మొదటి నాలుగు వారాలు పరుగు అసలు లేదు. వారానికి ఐదు రోజులు నడక. మొదటి వారం అరగంట, నాలుగో వారానికి గంట. చేతులు ఊపుతూ, కాస్త ఒగర్పు వచ్చేలా నడవండి. చాలామంది ఈ నాలుగు వారాలు వృథా అనుకుని ఎగరగొట్టేస్తారు. ఎముకల గడియారం టిక్కుమనడం మొదలయ్యేది ఇక్కడే, కనుక దయచేసి ఎగరగొట్టవద్దు.

ఐదో వారం నుంచి పన్నెండో వారం దాకా వారానికి మూడు రోజులు పరుగు-నడక, రెండు రోజులు మామూలు నడక. మంగళ, గురు, ఆదివారాలు పెట్టుకుంటే మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. మొదట అర నిమిషం పరుగుకు నిమిషంన్నర నడక, అరగంట సేపు. రెండు వారాల తర్వాత ఒకటికి ఒకటి. పదో వారం ప్రాంతంలో, ఒంట్లో ఎక్కడా నొప్పి లేకపోతేనే, రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక. ఒకటికి ఒకటి దగ్గరే హాయిగా ఉంటే అక్కడే ఉండిపోవచ్చు. దానితోనే మూడు గంటల పది నిమిషాలు వస్తుందని ఇందాక చూశాం.

పన్నెండో వారం నుంచి ఆదివారం పరుగు నెమ్మదిగా పొడవవుతుంది. మిగిలిన రెండు రోజులు ముప్పావుగంటకు మించవద్దు. ఆదివారాలు కిలోమీటర్లలో వరుసగా ఇలా: 8, 9, 10, తర్వాత 7కు తగ్గాలి. మళ్లీ 11, 12, 13, తర్వాత 9. ఆ పైన 15, 16, 18. అంతటితో 22వ వారం అవుతుంది. 23వ వారం 10, ఆ తర్వాతది పోటీ. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించడాన్ని బద్ధకం అనుకోకండి. ఎముక కొత్త ఇటుకలు పేర్చుకునేది ఆ తగ్గించిన వారంలోనే. ఒక వారం జ్వరం వచ్చి తప్పిపోతే దాన్ని తర్వాతి వారంలో కలిపి పూడ్చాలని చూడకండి. పోయిన వారం పోయినట్టే, ఆగినచోటి నుంచే కొనసాగించండి. 21 కిలోమీటర్లు ముందే ఒకసారి పరుగెత్తి చూసుకోవాలని అందరికీ ఉంటుంది. అవసరం లేదు. 18 చేసిన కాళ్లు పోటీ రోజున 21 చేస్తాయి.

వేగం ఎంత ఉండాలి? చేతి గడియారం చూపే గుండె వేగం, గరిష్ఠ గుండె వేగం కోసం 220లోంచి వయసు తీసేసే సూత్రం, ఇవన్నీ మనిషికీ మనిషికీ చాలా తేడా పడతాయి. నేను కొత్తవాళ్లకు ఒకే పరీక్ష పెడతాను. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న ఆటవెలది పద్యం ఒకటి పరుగెత్తుతూ చదవండి. ఒక్కో పాదం ఒకే ఊపిరిలో, తెగకుండా రావాలి. పాదం మధ్యలో గాలి కోసం ఆగితే మీరు వేగంగా వెళుతున్నారు. మొదట్లో ఈ వేగం ఎంత తక్కువగా ఉంటుందంటే, పక్కన నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోవచ్చు. దాటిపోనివ్వండి. ఈ ఆరు నెలల్లో వేగంగా పరుగెత్తవలసిన రోజు ఒక్కటి కూడా లేదు.

మీ శిక్షణలో మొదటి సగం చాలావరకు ఏప్రిల్, మే నెలల్లో పడుతుంది కనుక ఎండ గురించి చెప్పాలి. ఉదయం ఐదింటికే రోడ్డు మీద ఉండండి, ఆరున్నరకు ఇంటికి చేరండి. మే నెలలో తెల్లవారుజామున కూడా గాలి వెచ్చగా ఉంటుంది. గుండె అప్పుడు రెండు పనులు చేయాలి: కండరాలకు రక్తం పంపాలి, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. అందుకే చల్లటి రోజుల్లో తేలికగా వచ్చే వేగం మేలో రాదు. కిలోమీటరుకు అర నిమిషం నుంచి నిమిషం దాకా నెమ్మదించండి, మీరు బలహీనపడ్డారని బెంగపడకండి. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. చలి పుట్టినట్టు వణుకు, తల తిరగడం, మాట తడబడడం కనిపిస్తే ఆ క్షణమే ఆగి నీడకు చేరండి, తలమీద, మెడమీద నీళ్లు పోసుకోండి, పక్కనున్న మనిషిని పిలవండి. అది పట్టుదల చూపే సమయం కాదు.

నీళ్ల విషయంలో రెండు తప్పులూ చూశాను. కొందరు అసలు తాగరు. కొందరు భయపడి ప్రతి కిలోమీటరుకూ గ్లాసు చొప్పున ఉత్త నీళ్లు తాగుతారు. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే మూడు గంటలు చెమటతో ఉప్పు పోతూ ఉంటే, పైన ఉత్త నీళ్లు చేరితే, రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం, ముదిరితే ఫిట్స్. దాహం వేసినప్పుడు నాలుగు గుక్కలు తాగండి. గంట దాటిన పరుగుల్లో ఓఆర్‌ఎస్ వాడండి. పెద్ద పొట్లం సరిగ్గా ఒక లీటరు నీటిలో కలపాలి, తక్కువ నీటిలో చిక్కగా కలపకూడదు. మీ చెమట ఎంతో తెలియాలంటే ఒక ఆదివారం పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గితే, మధ్యలో తాగినది కాక, లీటరు నీరు పోయిందన్నమాట. బరువు పెరిగి ఉంటే మీరు అవసరానికి మించి తాగారు.

తిండికి ప్రత్యేకమైన పొడులు, డబ్బాలు కొననక్కరలేదు. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది, అంటే మీకు హాఫ్ మొత్తానికి 1,750 చుట్టూ. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం దాదాపు దానికి సరిపోయేంత ఉంటుంది కానీ చివరికొచ్చేసరికి అడుగంటుతుంది. అందుకే గంటన్నర దాటిన పరుగుల్లో గంటకు 30 గ్రాముల పిండిపదార్థమైనా లోపలికి వెళ్లాలి. ఒక మామూలు అరటిపండులో ఇంచుమించు 25 గ్రాములు ఉంటుంది. బెల్లం ముక్కలు, ఖర్జూరాలు కూడా మావాళ్లలో కొందరికి పడతాయి. వేరుశనగ చిక్కీలో, నువ్వుల చిక్కీలో కొవ్వు ఎక్కువ కనుక పరుగులో కడుపులో బరువుగా ఉంటుంది. ఆదివారం బయలుదేరే ముందు అరటిపండు, లేదంటే చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు. ముందు రోజు రాత్రి బిర్యానీ, మిరపకాయ బజ్జీ వద్దు, పెరుగన్నం మేలు. ఏది పడుతుందో ఏది పడదో జూన్, జూలై ఆదివారాల్లోనే తేల్చుకోండి. పోటీ రోజున కొత్త తిండి ఏదీ నోట్లో పెట్టకూడదు. పోటీలో ఎవరో ఇచ్చిన జెల్ అక్కడే మొదటిసారి తిని, పదమూడో కిలోమీటరు దగ్గర మరుగుదొడ్డి కోసం వెతుక్కున్న మనిషి నా పక్కనే పరుగెత్తాడు.

బరువు ముందు తగ్గాకే పరుగు మొదలుపెట్టాలన్న నియమం లేదు. రెండూ కలిసి సాగుతాయి. అయితే ఈ ఆరు నెలల్లో కడుపు మాడ్చుకునే పథకాలు పెట్టుకోకండి. తక్కువ తిని ఎక్కువ పరుగెత్తితే మొదట దెబ్బతినేవి మళ్లీ ఆ ఎముకలే. రాత్రి అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి. ఆఫీసు టీలో చక్కెర మానండి. నెలకు కిలో, కిలోన్నర దానంతట అదే దిగుతుంది. నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు. ఐదింటికి లేవాలంటే పది లోపు పడుకోవాలి, ఇంట్లో అందరికీ కష్టమైన మార్పు ఇదే, ముందే మాట్లాడుకోండి.

అమ్మగారి భయం గురించి. మోకాళ్ల మీద ప్రేమతో అన్న మాట అది, కొట్టిపారేయకండి, కానీ ఆమెకు ఈ సంగతి చెప్పండి. 2017లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో అనేక అధ్యయనాలను కలిపి చూశారు. తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం మందిలో కనబడితే, పరుగెత్తకుండా కూర్చునేవారిలో 10.2 శాతం మందిలో కనబడింది. పోటీల స్థాయిలో ఏళ్ల తరబడి పరుగెత్తేవారిలో మాత్రం 13.3 శాతం. మీరు మొదటి కోవకు చెందుతారు. కీలు కదలికతోనే పోషణ పొందుతుంది. ఇప్పటికే మోకాలికి పాత గాయమో శస్త్రచికిత్సో ఉంటే లెక్క వేరు, ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి.

మోకాలిని కాపాడేది దాని చుట్టూ ఉన్న కండరం. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. గుంజిళ్లు పదిహేను చొప్పున మూడు విడతలు. బడిలో శిక్షగా తీయించినవే, ఇప్పుడు మందుగా పనిచేస్తాయి. మెట్టు అంచున మునివేళ్లతో నిలబడి మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం, మొదట రెండు కాళ్లతో, నెల తర్వాత ఒక్కో కాలితో. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, చూడడానికి చిన్న పని కానీ చీలమండను బాగా గట్టిపరుస్తుంది. మడమలు ఎత్తే వ్యాయామం ఒక్కటి చేసినా పిక్క గాయాల్లో సగం మీ జోలికి రావని నా నమ్మకం.

నొప్పులను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. రెండు తొడల్లో, రెండు పిక్కల్లో సమానంగా, మర్నాడు వచ్చి రెండు రోజుల్లో పోయే నొప్పి మంచిదే, నడక కొనసాగించవచ్చు. ఒకే పక్క, వేలు పెట్టి చూపగలిగే చోట, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి చెడ్డది. రాత్రి పడుకున్నాక కూడా సలిపితే, కుంటి నడక వస్తే, ఆ రోజే ఆపి వారంలోపు ఫిజియోథెరపిస్టునో డాక్టరునో కలవండి. ఉదయం మంచం దిగిన మొదటి అడుగులో మడమ పోటు పొడిచినట్టుంటే అది అరికాలి పొర వాపు. పట్టించుకోకపోతే నెలల పాటు వదలదు. ఇక నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం ఎన్నడూ చేయకండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో మూత్రపిండాల మీద భారం వేస్తాయి, పైగా ఆగమని చెప్పే నొప్పి నోరు నొక్కేస్తాయి.

బూట్లకు ఒక్కసారి ఖర్చు పెట్టండి. సాయంత్రం పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు దుకాణానికి వెళ్లండి, మీరు వాడే మేజోళ్లతోనే తొడిగి చూడండి, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. దుకాణంలోనే నాలుగు అడుగులు పరుగెత్తి హాయిగా ఉన్న జతను తీసుకోండి, ఖరీదును బట్టి కాదు. 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తాయి కనుక ఈ ఒక్క జత మీ పోటీని కూడా దాటిస్తుంది. ఆగస్టులో వానకు తడిసిన నూలు బనియను, నూలు మేజోళ్లు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. త్వరగా ఆరే బట్టలు వేసుకుని, తొడల మధ్య, చంకల్లో, చనుమొనల దగ్గర వాజలీన్ రాసుకోండి.

ఎక్కడ పరుగెత్తాలి అన్నారు. హైదరాబాదులో ఉన్నవారికి నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న దారి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ ఉన్నాయి. మొదటి మూడు నెలలు చదునైన నెక్లెస్ రోడ్డు మేలు. వాహనాలు తిరిగే రోడ్డయితే కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు మీకు కనబడేలా పరుగెత్తండి. చీకట్లో మెరిసే పట్టీ ఉన్న బట్టలు వేసుకోండి, చెవుల్లో పాటలు వద్దు. వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపేసి, వాటికి పూర్తిగా వీపు చూపకుండా నెమ్మదిగా నడిచి దాటండి. మన పరుగే వాటిని ఉసిగొల్పుతుంది.

ఆగస్టు దారి సంగతి ముఖ్యం. హైదరాబాద్ మారథాన్ దారి ఏటా కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది కానీ నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజా నుంచి పడమటి కొండల వైపు సాగే ఈ పరుగు ఫ్లైఓవర్లకు, ఎత్తుపల్లాలకు దేశమంతా పేరుపడింది. నగరమే రాతిగుట్టల మీద కట్టినది మరి. అందుకని జూన్ నుంచి రెండు వారాలకొక ఆదివారం కేబీఆర్ చుట్టూనో, జూబ్లీహిల్స్ రోడ్ల మీదో పరుగెత్తండి. ఎత్తు ఎక్కేటప్పుడు నిస్సంకోచంగా నడవండి, అడుగు చిన్నది చేయండి. దిగేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. కిందికి దూకుతూ దిగితే తొడల ముందు కండరాలు చిరిగిపోయినట్టవుతాయి, చివరి ఐదు కిలోమీటర్లలో దానికి మూల్యం చెల్లించాలి. ఆగస్టు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, కనుక మబ్బు పట్టి చల్లగా ఉన్నా మేలో నేర్చుకున్న నెమ్మదితనం మరిచిపోవద్దు. మొదటి మూడు కిలోమీటర్లు వందలమంది మిమ్మల్ని దాటుకుని వెళ్తారు. డప్పులు మోగుతుంటాయి, ఒళ్లు పులకరిస్తుంది. అప్పుడు పద్యం చదువుకోండి.

చివరగా ఒక తేదీ క్యాలెండరులో రాసి పెట్టుకోండి: 21వ వారం ఆదివారం. ఆ రోజు 16 కిలోమీటర్లు పరుగు-నడకతో, కుంటకుండా, మర్నాడు ఆఫీసు మెట్లు మామూలుగా ఎక్కగలిగేలా పూర్తిచేస్తే ఆగస్టులో హాఫ్‌కు వెళ్లండి. అనారోగ్యం వల్లో, గాయం వల్లో, ఆఫీసు పని వల్లో ఆనాటికి 12 దగ్గరే ఆగిపోయి ఉంటే మూడు వారాల్లో దూరం పెంచేయాలని చూడకండి. అదే రోజు జరిగే 10 కిలోమీటర్ల పరుగుకు మార్చుకునే వీలుందేమో నిర్వాహకులను అడగండి, లేకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి. నవంబరు, డిసెంబరు నెలల్లో విశాఖలో నేవీ మారథాన్ జరుగుతుంది, అందులోనూ హాఫ్ ఉంటుంది. అప్పటికి గాలి చల్లబడుతుంది, పక్కన సముద్రం ఉంటుంది, మీ ఎముకల గడియారానికి మరో మూడు నెలలు దొరుకుతాయి. నా కాలు నయమయ్యాక నేను మొదటి హాఫ్ పూర్తిచేసింది కూడా ఆగస్టులో కాదు, అలాంటి ఒక చలికాలపు ఉదయానే.

పరీక్షల ఫలితాలు వచ్చాక ఏదైనా అంకె అర్థం కాకపోతే మీ డాక్టరునే అడగండి. పాదాలు, పిక్కలు, వేగం, తిండి గురించిన సందేహాలు మాత్రం ఎప్పుడైనా నాకు రాయండి. ముఖ్యంగా ఎనిమిదో వారం తర్వాత ఒంట్లో చాలా బాగుందని అనిపించిన రోజున తప్పకుండా రాయండి.